బోరు వేసేటప్పుడే అడగాలి

తెలుగు పల్లెల్లో బోరు అంటే నీళ్ళు. బోరు బండి వూళ్ళోకి వచ్చిందంటే పిల్లలు దాని వెంట పరుగెత్తుతారు. కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఎన్ని అడుగుల్లో తడి తగులుతుందోనని ఇంటిల్లిపాదీ రాత్రంతా మేలుకుంటారు. ఎన్ని బోర్లు ఎండిపోయాయో, వాటి కోసం చేసిన అప్పులు ఎన్ని కుటుంబాలను కూల్చాయో, ఆ భారం చివరికి ఎవరి నెత్తిన పడిందో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కర లేదు. అయితే ఇంచుమించు అలాంటి బండే, అలాంటి చప్పుడుతోనే, నీళ్ళ కోసం కాకుండా రాయి కోసం వూళ్ళోకి వస్తే? ఆ బోరు వెయ్యమని ఎవరు అడిగారు? ఎవరిని అడిగి వేశారు? ఈ సంచికలో ఆ రెండో రకం బోరు గురించి మాట్లాడదలిచాను.

వ్యాపార వార్తల పేజీల్లో తరచు ఒక చిన్న వార్త కనిపిస్తూ వుంటుంది. ఫలానా జింకు గనిలో అన్వేషణ బోర్ల ఫలితాలు ఆశాజనకంగా వున్నాయి, నిక్షేపం ఇంకా లోతుకీ ఇంకా దూరానికీ విస్తరించి వుందని తేలింది, గని ఆయుష్షు పెరిగింది అని. ఆ వార్త షేర్లు కొనేవాళ్ళ కోసం రాసింది. కానీ గని ఆయుష్షు పెరిగిందంటే దాని పక్కన బతికే మనుషుల నీళ్ళు, దారులు, భూములు ఏమవుతాయన్నది కూడా మరో తరం దాకా తేలిపోయిందన్న మాట. ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పరు. ఖనిజాన్వేషణను మనం కూడా భూగర్భ శాస్త్రజ్ఞుల పనిగానే వదిలేశాం. భూసేకరణ మీద, పునరావాసం మీద ఎంతో రాశాం. అంతకు ముందు జరిగే దాని మీద దాదాపు ఏమీ రాయలేదు. ఇక్కడ నా వాదన ఒక్కటే. అన్వేషణ బోరు వెయ్యడంతోనే సగం నిర్ణయం జరిగిపోతుంది. కాబట్టి గ్రామసభను, అందులోనూ స్త్రీలను, అడగవలసింది అప్పుడే.

ముందుగా ఆ పని ఎలా జరుగుతుందో చూద్దాం. నీటి బోరులో రాయిని పొడి చేసి పైకి వూదేస్తారు. ఖనిజం కోసం వేసే బోరులో ఆ రాయే కావాలి. అందుకని వజ్రపు పలుకులు పొదిగిన గొట్టాన్ని తిప్పుతూ కిందికి దించి, రాయిని పొడి కాకుండా గుండ్రని కడ్డీలాగా కోసి బయటికి తీస్తారు. ఆ కడ్డీ సాధారణంగా మన గాజు వెడల్పు వుంటుంది, లేదా అంతకంటే కొంచెం తక్కువ. పొడవు మాత్రం వందల మీటర్లు. దాన్ని వరసగా పెట్టెల్లో పేర్చి, నిలువునా రెండుగా కోసి, ఒక సగాన్ని ప్రయోగశాలకు పంపుతారు. అందులో జింకు ఎంత, సీసం ఎంత, వెండి ఎంత అని లెక్క కడతారు. ఒక బోరులో ఖనిజం తగిలితే దానికి కొంత దూరంలో మరొకటి, అక్కడా తగిలితే ఇంకొంత దూరంలో ఇంకొకటి. అలా నిక్షేపం అంచు ఎక్కడుందో వెతుక్కుంటూ పోతారు. ఆ తర్వాత మధ్యలోని ఖాళీల్లో దగ్గర దగ్గరగా బోర్లు వేసి, 'వుండవచ్చు' అన్నదాన్ని 'వుంది' అని తేలుస్తారు. గొట్టం వేడెక్కకుండా వుండటానికి నీళ్ళు కావాలి, రోజుకు వేల లీటర్లు. బోరు పక్కన బురద నీళ్ళ గుంట కావాలి. బండి రావడానికి దారి కావాలి. పని మూడు షిఫ్టుల్లో రాత్రింబవళ్ళు నడుస్తుంది.

మన దేశంలో జింకు కథకు రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లా జావర్ కంటే మంచి వుదాహరణ లేదు. అక్కడి ఆరావళి కొండల్లో గని పని రెండు వేల ఏళ్ళ కంటే పాతదని పాత గనుల్లో దొరికిన కొయ్య ముక్కల వయసు చెబుతోంది. జింకు తియ్యడం చాలా కష్టమైన విద్య. అది 907 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది, గాలి తగిలితే మళ్ళీ బూడిదవుతుంది. వంకాయ ఆకారంలో మట్టి మూసలు చేసి, వాటిని కొలిమిలో తలకిందులుగా నిలబెట్టి, ఆ ఆవిరిని కిందికి దింపి చల్లార్చడం జావర్ ప్రజలు కనిపెట్టారు. ఒక్కో కొలిమిలో 36 మూసలు పట్టేవి. ఐరోపాలో ఇలాంటి పద్ధతికి విలియం ఛాంపియన్ పేటెంటు తీసుకున్నది 1738లో. జావర్‌లో అప్పటికి కొన్ని వందల ఏళ్ళుగా జింకు తీస్తూనే వున్నారు. వాడి పడేసిన మూసలతో కట్టిన ఇళ్ళ గోడలు అక్కడ కనిపిస్తాయి. ఆ మూసల మట్టిని ఎవరు తొక్కారు, ఎవరు మలిచారు, కొలిమికి కట్టెలు ఎవరు మోశారు అన్న ప్రశ్నకు చరిత్ర పుస్తకాల్లో జవాబు లేదు. మేవాడ్ రాణాల ఖజానాకు ఆ గనుల నుంచి ఎంత వచ్చిందో మాత్రం వుంది.

19వ శతాబ్దం తొలినాళ్ళలో కరువుతో ఆగిపోయిన ఆ గనులను 1940వ దశకంలో మళ్ళీ తెరిచారు. 1966లో ప్రభుత్వ రంగంలో హిందుస్థాన్ జింక్ లిమిటెడ్ ఏర్పడి వాటిని తీసుకుంది. 2002, 2003 సంవత్సరాల్లో ఆ సంస్థలో 64.92 శాతం వాటా స్టెర్లైట్ చేతికి, అంటే ఇప్పటి వేదాంత గ్రూపుకి వెళ్ళింది. మోచియా, బలారియా, జావర్‌మాలా, బరోయి అనే నాలుగు భూగర్భ గనులు ఒకే పట్టీలో వున్నాయి. అక్కడి ఖనిజంలో జింకు పాలు తక్కువ. భీల్వాడా జిల్లాలోని రాంపురా అగూచా ఖనిజంతో పోలిస్తే చాలా తక్కువ. తక్కువ పాలున్న చోట ఎక్కువ రాయి తవ్వాలి. ఎక్కువ తవ్వాలంటే ఎప్పటికప్పుడు కొత్త రాయి వెతుక్కోవాలి. అంటే అక్కడ అన్వేషణ ఒకసారి జరిగి ఆగిపోయే పని కాదు, గనితో పాటే నిత్యం నడిచే పని. ఆ ప్రాంతం రాజ్యాంగం అయిదవ షెడ్యూలు కింద వున్న గిరిజన ప్రాంతం. అక్కడ భిల్లు, మీణా ప్రజలు వుంటారు.

రాజస్థాన్ సంగతి మనకెందుకు అనుకోవడానికి వీల్లేదు. విశాఖపట్నంలో 1977లో మొదలైన జింకు ఫ్యాక్టరీ అదే సంస్థది. మూతపడే దాకా అక్కడ కరిగించింది ఎక్కడో తవ్వి తెచ్చిన ఖనిజాన్నే. పొగ మన కంట్లో పడింది, గొయ్యి ఇంకొకరి వాకిట్లో పడింది. ఒక చోటి నష్టం ఇంకో చోటివాళ్ళకు కనబడకపోవడమే ఈ పరిశ్రమకున్న పెద్ద సౌకర్యం.

జింకు వద్దని నేను అనడం లేదు. అది మన ఇళ్ళల్లో వుంది. నీళ్ళు మోసే బకెట్టు తుప్పు పట్టకుండా, పైకప్పు రేకు చిల్లులు పడకుండా కాపాడేది జింకు పూతే. వరి పైరుకు జింకు లోపమొస్తే జింకు సల్ఫేటు చల్లుతాం. విరేచనాలైన పిల్లలకు ఓ.ఆర్.ఎస్.తో పాటు జింకు మాత్రలు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో సిఫారసు చేశాయి. ఎన్నో పసిప్రాణాలు దానివల్ల నిలిచాయి. కాబట్టి ఇది లోహానికీ స్త్రీలకూ మధ్య తగాదా కాదు. ఎక్కడ తవ్వాలో, ఎంత తవ్వాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించే హక్కు ఎవరికుంది అన్నదే తగాదా.

ఇప్పుడు చట్టాల దగ్గరికి వద్దాం. గని తవ్వాలంటే పర్యావరణ అనుమతి కావాలి, దానికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరగాలి. ఇది 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ చెబుతున్న మాట. అదే నోటిఫికేషన్‌కు 2009లో చేసిన సవరణ ఖనిజాన్వేషణను ఆ అనుమతి నుంచి మినహాయించింది. 1996 నాటి పెసా చట్టం గనుల లీజుకే కాదు, అన్వేషణ లైసెన్సుకు కూడా గ్రామసభ లేదా పంచాయితీ ముందస్తు సిఫారసు తప్పనిసరి అన్నది. కానీ అది చిన్న తరహా ఖనిజాలకే. ఇసుకకూ కంకరకూ అడగాలి. జింకుకూ సీసానికీ అడగనక్కర లేదు! అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణ, కేంద్రం పేర్కొన్న సర్వేలనూ అన్వేషణనూ అటవీయేతర కార్యకలాపాలుగా చూడనక్కర లేకుండా చేసింది. అదే సంవత్సరం గనులు, ఖనిజాల చట్టాన్ని సవరించి జింకు, సీసం, రాగి, బంగారం వంటి 29 ఖనిజాలకు ప్రత్యేక అన్వేషణ లైసెన్సు ప్రవేశపెట్టారు. ఒక్కో లైసెన్సు కింద వెయ్యి చదరపు కిలోమీటర్ల దాకా ఇవ్వవచ్చు. అక్కడ గని వచ్చి వేలంలో పోతే, కనుగొన్న సంస్థకు ఆ వేలం ప్రీమియంలో వాటా వుంటుంది. 2025 సెప్టెంబరులో అణు, కీలక, వ్యూహాత్మక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచే మినహాయింపు ఇచ్చారు. జింకు ఆ జాబితాలో లేదు. కానీ గాలి ఎటు వీస్తోందో తెలుసుకోవడానికి అది చాలు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. బోరు దశలో ప్రజలను అడగనక్కర లేదు, ఎందుకంటే అది 'కేవలం అన్వేషణ'. గని దశలో అడుగుతారు. కానీ అప్పటికి కోట్ల రూపాయలు ఖర్చయి వుంటాయి, ఖనిజం లెక్క ప్రకటించి వుంటారు, ఆ లెక్క చూసి షేరు ధర పెరిగి వుంటుంది, రాష్ట్ర ఖజానా రాయల్టీని అంచనా వేసుకుని వుంటుంది. ఇంత జరిగాక షామియానా వేసి, మైకు పెట్టి, 'మీ అభిప్రాయం చెప్పండి' అంటే అది పెళ్ళి పందిట్లో కూర్చోబెట్టాక పిల్లను 'ఇష్టమేనా' అని అడిగినట్టు. ఆ అడగడంలో ఎంత నిజాయితీ వుంటుందో మన స్త్రీలకు వేరే చెప్పాలా?

ఇక ఇప్పటికే నడుస్తున్న గనిని విస్తరించడానికి వేసే బోర్ల పరిస్థితి ఇంకా విచిత్రం. లీజు ఎప్పుడో ఇచ్చారు. దాని హద్దుల్లోపల ఎక్కడ బోరు వేసినా కొత్తగా వూరిని అడిగేది లేదు. తాతల కాలంలో, తాతలను మాత్రమే అడిగి, లేదా వాళ్ళనీ అడక్కుండా ఇచ్చిన లీజు మనవరాళ్ళ వాకిలి దాకా నడిచి వస్తుంది.

గనుల చట్టంలో ఒక ఆసక్తికరమైన సెక్షన్ వుంది. 24ఎ. లైసెన్సు వున్నవారు ఆ పరిధిలోని భూముల్లోకి ఎప్పుడైనా ప్రవేశించవచ్చని అది చెబుతుంది. ఇంట్లోకి గానీ, ఇంటిని ఆనుకుని వున్న ఆవరణలోకీ పెరట్లోకీ గానీ రావాలంటే మాత్రం అక్కడ వుంటున్నవారి సమ్మతి వుండాలి, లేదా కనీసం ఏడు రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. పని వల్ల కలిగే నష్టానికి పరిహారం చెల్లించాలి. ఎవరికి? భూమి 'యజమాని'కి అని రాయలేదు. నేలను అనుభవంలో వుంచుకున్నవారికి అని రాశారు. ఈ ఒక్క మాట మనకు చాలా ముఖ్యం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాల నిర్వాహకుల్లో స్త్రీలు సుమారు 14 శాతమే. విత్తేదీ, కలుపు తీసేదీ, కోసేదీ, నూర్చేదీ స్త్రీలు. పాసుబుక్కులో పేరు పురుషుడిది. చట్టం అక్షరాలా అమలైతే బోరు గుంటలో పోయిన పంటకు పరిహారం ఆ చేలో పని చేసే మనిషికి కూడా రావాలి. ఆ మాటను పట్టుకుని అడిగినవారు నాకింత వరకూ తారసపడలేదు. కారణం సులువే. ఆ సెక్షన్ వుందని ఎవరూ ఆ వూళ్ళకు చెప్పలేదు.

నా పరిశోధన పనిమీద ఖనిజాన్వేషణ జరిగిన కొన్ని గిరిజన గ్రామాల్లో వుండే అవకాశం నాకు దొరికింది. ఆ వూళ్ళ పేర్లు గానీ, అక్కడికి వచ్చిన సంస్థల పేర్లు గానీ ఇక్కడ అవసరం లేదు. ఒక వూళ్ళో మొదట బండి వచ్చినప్పుడు ప్రభుత్వం నీళ్ళ బోరు వేయిస్తోందని ఆడవాళ్ళు అనుకున్నారు. బిందెలు కడిగి పెట్టుకున్నారు కూడా. వాళ్ళకు విషయం తెలిసింది నాలుగైదు రోజుల తర్వాత, బండి దగ్గర వంటకు కుదిరిన ఒకావిడ ద్వారా. మగవాళ్ళకు ముందే తెలుసు; సర్పంచి ఇంటి అరుగు మీద మాట జరిగింది. ఆడవాళ్ళు కట్టెలకు వెళ్ళే దారికి అడ్డంగా తాడు కట్టారు. పని రాత్రిపూట కూడా నడిచేది కాబట్టి పెద్ద లైట్లు పెట్టారు. చీకటి పడ్డాకే బయటికి వెళ్ళే అలవాటున్న స్త్రీలకు ఆ వెలుతురు ఎంత ఇబ్బందో ఏ నివేదికలోనూ వుండదు. బండికి నీళ్ళు ఇచ్చింది వూరి చెరువు. పాడైన పంటకు ఇచ్చిన డబ్బు మగవాళ్ళ చేతికి వచ్చింది. ఎంత వచ్చిందో ఇప్పటికీ చాలామంది భార్యలకు తెలియదు.

వీటిలో ఏ ఒక్కటీ పెద్ద విపత్తు కాదు. ఇల్లు కూలలేదు, ఎవరూ చనిపోలేదు. అందుకే ఇవి ఎక్కడా నమోదు కావు. బోరు బండి పది పదిహేను రోజుల్లో వెళ్ళిపోతుంది. వెళ్ళాక మిగిలేది మాత్రం తేలికైంది కాదు. మొదటిది, పూడ్చని గుంత. సరిగా పూడ్చని లోతైన బోరు ఒక నీటి పొరను మరో పొరతో కలిపేస్తుంది. పైనున్న నీళ్ళు కిందికి జారిపోవచ్చు, కిందున్న పనికిరాని నీళ్ళు పైవాటిలో కలవవచ్చు. వదిలేసిన నీటి బోర్లలో పసిపిల్లలు పడి చనిపోతుంటే 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చిన దేశం మనది. రెండోది, తెలియనితనం. ఖనిజం పడిందా లేదా అన్నది వూరికి ఎవరూ చెప్పరు. రాతి కడ్డీలు పెట్టెల్లో వెళ్ళిపోతాయి, లెక్కలు సంస్థ దగ్గర వుంటాయి. వూరు వుంటుందో పోతుందో తెలియక కుటుంబాలు ఏళ్ళ తరబడి వేచి వుంటాయి. ఇల్లు కట్టుకోవాలా వద్దా, బావి తవ్వించాలా వద్దా, మామిడి మొక్క నాటాలా వద్దా. ఇంతలో బయటి నుంచి వచ్చినవాళ్ళు తక్కువ ధరకు భూములు కొంటారు. వేచి వుండటం కూడా ఒక నష్టమే. దానికి పరిహారం ఏ చట్టంలోనూ లేదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైంది. గని రాకముందు నీళ్ళు ఎలా వున్నాయో ఎవరూ కొలిచి పెట్టకపోవడం. దీని విలువ తెలియాలంటే జపాన్ దాకా వెళ్ళాలి. తొయామా జిల్లాలో పారే జింజూ నది ఎగువన కమియోకా అనే జింకు, సీసం గని వుండేది. జింకు ఖనిజంతో పాటు కాడ్మియం అనే విషలోహం కూడా వుంటుంది. అది నదిలో కలిసి, వరి పొలాల్లోకి పారి, అన్నం ద్వారా ఒంట్లో చేరింది. మూత్రపిండాలు చెడి, ఎముకలు గుల్లబారి, దగ్గితే కూడా విరిగేవి. నొప్పి, నొప్పి అని రోగులు పెట్టే కేక మీదుగానే ఆ జబ్బుకు 'ఇతాయి-ఇతాయి' అని పేరొచ్చింది. గుర్తింపు పొందిన సుమారు 200 మంది రోగుల్లో అత్యధికులు స్త్రీలు. నడివయసు దాటినవాళ్ళు, ఎక్కువ కాన్పులైనవాళ్ళు. ఆ జబ్బుకు గని వ్యర్థాలే కారణమని స్థానిక వైద్యుడు నొబోరు హాగినో 1950వ దశకంలో అన్నారు. ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. బాధితులు కోర్టులో చివరి గెలుపు సాధించింది 1972లో. గెలిచాక వాళ్ళు డబ్బుతో ఆగలేదు. గనిలోకి తాము, తమ నిపుణులు వెళ్ళి తనిఖీ చేసే హక్కును, దాని ఖర్చు సంస్థే భరించేలా, ఒప్పందంలో రాయించుకున్నారు. నలభై ఏళ్ళు వంటింట్లో వండిన అన్నమే విషమని నిరూపించడానికి అంతకాలం ఎందుకు పట్టింది? గనికి ముందు ఆ నీళ్ళూ మట్టీ ఎలా వుండేవో చూపించే లెక్క వాళ్ళ చేతిలో లేదు. మన బోర్ల దగ్గర ఇప్పుడు జరుగుతున్నదీ అదే. రాతిలో జింకు ఎంతో దశాంశాలతో సహా కొలుస్తారు. పక్కనున్న బావిలో నీళ్ళు ఎంతో, ఎలాంటివో కొలవరు.

స్త్రీలకు గని ఇచ్చే వుద్యోగాల మాట ఎత్తేవారు ఇక్కడ వుంటారు. దానికీ ఒక చరిత్ర వుంది. ఒకప్పుడు మన గనుల్లో స్త్రీలు పెద్ద సంఖ్యలో భూగర్భంలో పని చేశారు. 1929 నుంచి వాళ్ళను క్రమంగా బయటికి పంపారు. యుద్ధానికి బొగ్గు కావలసి వచ్చినప్పుడు 1943లో మళ్ళీ లోపలికి రానిచ్చారు. అవసరం తీరాక 1946లో మళ్ళీ పంపేశారు. 1952 నాటి గనుల చట్టం ఆ నిషేధాన్ని కొనసాగించింది. 2019 జనవరిలో కేంద్రం దాన్ని సడలించాక భూగర్భ గనుల్లో మహిళా ఇంజనీర్లు, మేనేజర్లు కనిపిస్తున్నారు. జింకు గనుల్లోనూ కనిపిస్తున్నారు. ఆ తలుపు తెరుచుకోవడం మన వుద్యమ విజయాల్లో ఒకటి, దాన్ని చిన్నబుచ్చడం నాకు ఇష్టం లేదు. అయితే చదువుకున్న ఒక స్త్రీ గని లోపలికి వెళ్ళగలగడం, చదువు అందని వంద మంది స్త్రీలు గని వద్దనో, ఫలానా షరతుల మీద కావాలనో చెప్పగలగడం రెండు వేరు వేరు హక్కులు. మొదటిది చూపించి రెండోదాన్ని కప్పిపుచ్చడం తగదు.

అడగడం సాధ్యమేనా? సాధ్యమేనని మన అనుభవమే చెబుతోంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు షెడ్యూల్డు ప్రాంత భూమిని గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వడాన్ని ప్రశ్నించింది. 2013లో ఒడిశాలోని నియంగిరిలో పన్నెండు గ్రామసభలు బాక్సైటు గని వద్దన్నాయి, ఆ మాట నిలిచింది. అన్నిటికంటే మన విషయానికి దగ్గరగా వున్నది అమ్రాబాద్. 2019లో అక్కడి పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో సుమారు నాలుగు వేల బోర్లు వేసి యురేనియం వెతకాలన్న ప్రతిపాదనకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా అంగీకరించింది. 'ఇది అన్వేషణ మాత్రమే' అన్న సమాధానంతో చెంచులు తృప్తి పడలేదు. ఆడా మగా రోడ్ల మీదికి వచ్చారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. బోరు వేసేటప్పుడే ప్రశ్నించాలని ఏ చట్టమూ చెప్పకపోయినా చెంచులకు తెలిసింది. ఎందుకంటే బోరు వెనక ఏం వస్తుందో అడవిలో బతికేవాళ్ళకు వూహించడం కష్టం కాదు.

ప్రతి బోరుకూ గ్రామసభ పెడితే అన్వేషణే ఆగిపోతుందని, అసలు చాలా బోర్లలో ఏమీ దొరకదు కాబట్టి ఇంత హంగామా ఎందుకని పరిశ్రమ వైపు నుంచి వాదన వస్తుంది. ఏమీ దొరకదన్న మాట చాలా వరకు నిజమే. కానీ దొరకని చోటా గుంత మిగులుతుంది, దారి పోతుంది, పంట పోతుంది. దొరికిన చోట నిర్ణయం జరిగిపోతుంది. ఒక్కొక్క బోరుకు కాదు, ఒక్కొక్క అన్వేషణ ప్రణాళికకు అడగమంటున్నాం. నెల రోజుల ఆలస్యాన్ని భరించలేని పరిశ్రమ, తరాల తరబడి వుండే గని కోసం మనుషులను ఎలా ఒప్పిస్తుంది?

మనం కోరవలసినవి పెద్ద కోరికలు కావు. అన్వేషణ మొదలు కాకముందే, ఎన్ని బోర్లు, ఎక్కడ, ఎంత లోతు, నీళ్ళు ఎక్కడివి అన్న వివరాలు స్థానిక భాషలో గ్రామసభ ముందు పెట్టాలి. అటవీ హక్కుల చట్టం నియమాల్లో గ్రామసభకు సగం మంది రావాలని, వాళ్ళలో కనీసం మూడో వంతు స్త్రీలు వుండాలని ఇప్పటికే వుంది. అదే నియమాన్ని ఇక్కడా పెట్టాలి. అదే చట్టం పట్టాను భార్యాభర్తల ఇద్దరి పేరా ఇవ్వమంటుంది. బోరు నష్టపరిహారాన్ని కూడా అలాగే ఇద్దరి పేరా ఇవ్వాలి. మొదటి బోరు పడకముందే చుట్టుపక్కల బావులు, చెలమలు, చెరువుల్లో నీటి మట్టాన్నీ నాణ్యతనూ కొలిచి ఆ కాగితం పంచాయితీలో వుంచాలి. ఖనిజాన్వేషణ కోసం గనుల సంస్థల నుంచి రాయల్టీ మీద ఇప్పుడు 3 శాతం వసూలు చేసే జాతీయ నిధి 2015 నుంచి వుంది. రాయిని కొలవడానికి నిధి వున్నప్పుడు నీళ్ళను కొలవడానికి లేదంటే నమ్మేదెవరు? పని అయ్యాక ప్రతి బోరూ పూడ్చి, పూడ్చినట్టు గ్రామసభ చేత సంతకం చేయించుకోవాలి. ఫలితం ఏమిటన్నది షేరుదారులకు తెలిసిన రోజే వూరికీ తెలియాలి. సొంత కర్మాగారాల కోసం తవ్వుకునే పాత గనుల లీజులకు 2015 సవరణ చట్టం 2030 మార్చి 31ని గడువుగా పెట్టింది. ఆ గడువు లోపలే ఈ షరతులను లీజుల్లో రాయించుకోవడానికి ఒత్తిడి తేవాలి.

చట్టం మారే దాకా ఆగనక్కర లేని పనులు కూడా వున్నాయి. మీ వూళ్ళోకి గానీ, మీరు పని చేసే మండలంలోకి గానీ బోరు బండి వస్తే, నీళ్ళ కోసమా రాయి కోసమా అని మొదట అడగండి. రాయి కోసమైతే లైసెన్సు కాగితం చూపించమనండి. పెరట్లోకి వస్తే ఏడు రోజుల నోటీసు ఎక్కడని అడగండి. పరిహారం ఎవరి చేతికి వెళ్ళిందో సంఘం సమావేశంలో చెప్పించండి. బావిలో తాడు వేసి నీటి మట్టం కొలిచి, తేదీ వేసి సంఘం పుస్తకంలో రాసి పెట్టండి. బావి లోతు తాడుతో కొలవడం మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర లేదు. ఆ లెక్కను కాగితం మీద పెట్టడమే ఇప్పుడు చెయ్యవలసిన పని. అలా రాసిన పుస్తకాలు మీ దగ్గర వుంటే ఈ పత్రికకు పంపండి, రాబోయే సంచికల్లో వాటిని ప్రచురిస్తాం.